సముద్రం దాకా లారీ

మావయ్య పోయారన్న ఫోను వచ్చేటప్పటికి నేను డర్బన్‌లో, కాలేజీ కంప్యూటర్ గదిలో పిల్లలకి పరీక్ష పెడుతున్నాను. ఫోను చేసింది ఆయన కూతురు. "నైనా పోయినాడు వదినా. పొద్దున టీ తాగినాడు, కుర్చీలో అట్లే పోయినాడు" అంది. ఏ కుర్చీ అని అడిగాను. చావు కబురు చెబుతున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది? ఆవిడ ఏమీ అనుకోలేదు. "నువ్వు ఇచ్చి పోయిందే. చక్రాలది" అంది. ఇద్దరం ఫోను పట్టుకుని ఏడ్చాం. పరీక్ష రాస్తున్న పిల్లలు తలెత్తి చూశారు.

మావయ్య అంటున్నానే గానీ, ఆయన మాకు చుట్టం కాదు. ఈ దేశంలో అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలయ్యాక, మరుసటి ఏడు నేనూ మా ఆయనా కాకినాడ నుంచి వచ్చి డర్బన్ దగ్గర వెరులంలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాం. ఆ ఇంటాయనే ఈ మావయ్య. మొదటి రోజే ఊరు అడిగారు. చెప్పాను. "మా తాతది కూడా ఆ పక్కే అంట. ఓడ దిగినాక వూరి పేరు మర్చిపోయినాడు. సరే, నువ్వు నాకు మేనకోడలు. ఫినిష్" అన్నారు. తిట్టడానికీ, తినడానికీ, దేవుడికి దండం పెట్టడానికీ ఆయన దగ్గర కావలసినంత తెలుగు ఉండేది. తక్కినదంతా ఇంగ్లీషు, జులు, తోటల్లో దొరలకీ కూలీలకీ మధ్య పుట్టిన ‘ఫనకలో’ అనే కలగలుపు భాష. "అయికోనా" అన్నారంటే కానే కాదని అర్థం. నేను ఆయన నోట ఎక్కువగా విన్న మాట అదే.

ఆయన పుట్టింది చెరకు తోటల మధ్య ఊరు డార్నల్‌లో. చెరకు లారీ నడుపుతూ తోటలకీ మిల్లుకీ మధ్య జీవితమంతా తిరిగారు. మేము వచ్చేనాటికి కళ్ళు దెబ్బతిన్నాయి. పక్కచూపు మొత్తం పోయింది. ఎదురుగా చిన్న కిటికీ అంత మేర మాత్రం శుభ్రంగా కనిపించేది. లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి, దారిన పోయే టాక్సీల గేరు మార్పు విని డ్రైవర్లని తిడుతుండేవారు. మా ఆయన ఒకసారి, "ఎక్కడికైనా పోదామంటే చెప్పండి, కార్లో తీసుకెళ్తాను" అన్నారు. "కూర్చోబెట్టి మోసుకుపోను నేనేం చెరకా?" అన్నారు మావయ్య. మా ఆయన మళ్ళీ అడగలేదు.

అప్పట్లో నాకొక పిచ్చి ఉండేది. కంప్యూటర్లో బండి ఆటలంటే పందేలే. మూడు చుట్లు తిరగడం, గెలవడం, ఓడడం. అలా కాకుండా, ఎటు బుద్ధి పుడితే అటు బండి తోలుకుపోయే ఆట చేయాలని నాకూ, మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే జులు మిత్రుడికీ కోరిక. ఒక కంప్యూటర్ పత్రిక, ఇక్కడివాళ్ళు చేసిన ఆట బాగుంటే తమ సీడీలో వేస్తామంది. వెరులం నుంచి డార్నల్ దాకా చెరకు తోటల మధ్య తిరిగే లారీ ఆట మొదలుపెట్టాం. ఆదివారాలు మా గదిలోనే పని. దారులు వచ్చాయి, లారీ వచ్చింది, కదిలింది. ఆడితే మాత్రం ఉప్పులేని పప్పులా ఉంది. లోపం ఎక్కడుందో మాకు అంతుపట్టలేదు.

ఒక ఆదివారం మావయ్య తొంగిచూశారు. "లారీనా అది?" అని వచ్చి నా చక్రాల కుర్చీలో కూర్చున్నారు. మిగిలిన ఆ కాస్త చూపులో మానిటర్ సరిగ్గా పట్టింది. పక్కనున్న నేను కనబడను, గోడ కనబడదు. తెర మాత్రం అంచు నుంచి అంచు దాకా కనబడింది. ఆయన ముఖంలో వచ్చిన మార్పు చూసి నా మిత్రుడు మీటలన్నీ ఆయనకే అప్పజెప్పి లేచి నిలబడ్డాడు.

రెండు నిమిషాలకే తిట్లు మొదలయ్యాయి. మేము లారీని వెనక నుంచీ పైనుంచీ చూపించాం. "నేనేం కాకినా? డ్రైవర్ కూర్చునేది ఏడ? ఆడ నుంచి చూపియ్యి" అన్నారు. చూపుని కిందికి దించి సీటులో పెట్టాం. బానెట్ అంచు, అద్దం, ముందు దారి. వేగం అంకె మారలేదు, ఒక్క గీత కోడ్ అదనంగా రాయలేదు. అయినా అదే లారీ రెండింతలు వేగంగా పోతున్నట్టు అనిపించింది. మేము చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ముక్క లేదు.

తర్వాతి వారం స్టీరింగ్. మీట నొక్కగానే లారీ ఠక్కున తిరిగేది. మేము దాన్ని గొప్పనుకున్నాం. "అయికోనా. ఇది కాయితం డబ్బా. నిండు చెరకు వుంటే బండి నీ మాట వెంటనే వినదు అమ్మాయ్. ముందు ఆలోచించుకుంటది, తర్వాత తిరుగుతది. ఖాళీ బండి వేరే. అది గెంతుతది, దానికి సిగ్గు లేదు" అన్నారు. నిండు లారీకి ఆలస్యం పెట్టాం, మలుపులో ఒక పక్కకి ఒరిగేలా చేశాం. ఖాళీ లారీకి ఎగురు పెట్టాం. అప్పుడు మొదటిసారి నాకు నా ఆటలోనే మలుపు చూసి భయమేసింది.

దూరాల మీదా ఆయనకి పేచీయే. ఆడేవాళ్ళకి విసుగు రాకూడదని మేము దారి కుదించి, మలుపు మలుపుకీ ఒక కొట్టో గుడో పెట్టాం. "ఏమీ లేని జాగా ఎక్కడ? పాట పాడుకునే జాగా వుండొద్దూ డ్రైవర్‌కి?" అన్నారు. నేను ఎదురు చెప్పాను. ఏమీ లేకపోతే మానేసి పోతారన్నాను. "పోయేవాడు పోతాడు, హంబా, పొమ్మను. వుండేవాడి కోసం చెయ్యి" అన్నారు. సగం కొట్లు తీసేశాం. అటు తర్వాత డార్నల్ చేరితే చేరినట్టు ఉండేది.

పనిలోకి దిగే ముందు ఆయనకొక పద్ధతి. మిల్లు సీజను మొదటి రోజున లారీ చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవారట. మా ఆటకి కొత్త మార్పు జరిగినప్పుడల్లా కుర్చీ చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కుర్చీ ముందుకు జరిపి తొక్కేవారు. గదంతా నిమ్మ వాసన, నేలంతా పులుసు. తుడుచుకోలేక నేను గొణిగేదాన్ని. నా మిత్రుడు మాత్రం, ఆ రోజుల్లో కంప్యూటర్ ఒక్కసారీ ఆగిపోలేదని ఇప్పటికీ వాదిస్తాడు.

నేను చేసిన తప్పు చెప్పాలి. మా కంప్యూటర్‌కి దూరాన ఉన్నవి గీసే శక్తి లేదు. పాత యంత్రం. అందుకే దారికి రెండు పక్కలా నిలువెత్తు చెరకు పెట్టి దూరం కనబడకుండా చేశాం. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. మావయ్య ఒప్పుకోలేదు. "సీజన్‌లో చెరకు కోస్తారు కదా. కొండ మీద కోసినాక అంతా కనబడతది" అన్నారు. ఒక్క కొండ మీద చెరకు కొట్టేశాం. దూరంగా ఏదో ఒకటి ఉండాలి కాబట్టి నీలంగా సముద్రం బొమ్మ ఒకటి వెనక అంటించాను. వట్టి బొమ్మే. అక్కడికి పోయే దారి రాయలేదు. పటం అంచున కనిపించని గోడ కట్టి ఊరుకున్నాను. అప్పటి ఆటలన్నీ అంతే.

ఆ ఆదివారం ఆయన కొండెక్కారు. నీలం కనబడింది. దారి వదిలి కిందికి దింపారు. కోసిన చెరకు మోళ్ళ మీదుగా జాగ్రత్తగా, గేరు తగ్గించి. సముద్రం దగ్గరికి వచ్చింది. లారీ ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. ఎదురుగా ఏ అడ్డూ లేదు. ఆయన మీట మీద వేలు తీయలేదు. ఎంతసేపటికో, "ఇక్కడ కూడానా?" అన్నారు.

నేను పంతులమ్మలా మొదలుపెట్టాను. పటం అక్కడితో అయిపోయింది మావయ్యా, అంతకు మించి జాగా లేదు, కంప్యూటర్ మోయలేదు, ఇంకా ఏవేవో. ఆయన చివరిదాకా విన్నారు. "సరే అమ్మాయ్. బోర్డు అయినా పెట్టొచ్చు కదా. వాళ్ళు బోర్డు పెట్టినారు" అని లేచి వెళ్ళిపోయారు.

మూడు వారాలు మా గదికి రాలేదు. ఆటలో ఓడినందుకు కోపమేమో అనుకున్నాను. నా బుర్రకి అంతకన్నా తట్టలేదు. చివరికి ఆయన కూతుర్నే అడిగాను. ఆవిడ బడిలో టీచరు. బట్టలు ఆరేస్తూ చెప్పింది. "నాకు ఆరేళ్ళు అప్పుడు. సీజన్ అయినాక దొర లారీ ఇచ్చినాడు ఆదివారానికి. నైనా కడిగి, పూలు కట్టి, మా అమ్మనీ నన్నూ ముందర కూర్చోబెట్టి బీచ్‌కి తీసుకుపోయినాడు. ఆడ బోర్డు. తెల్లవాళ్ళకే. పోలీసు వచ్చి వెనక్కి తిప్పినాడు. నేను ఏడ్చినాను. నైనా చెప్పినాడు, సముద్రానికి ఇవాళ సెలవు తల్లీ, మళ్ళీ వద్దాం అని."

"తర్వాత బోర్డులు తీసేశారుగా?" అన్నాను.

"తీసేసినారు. అప్పటికి అమ్మ లేదు. ఆమె లేకుండా ఎందుకు అన్నాడు. ఆమీద కళ్ళు పోయినాయి. నేను తీసుకుపోతాను అంటే వినడు. నిన్ను నేను తోలుకుపోతా అని ఆ పొద్దు చెప్పినాను, నేనే తోలాల అంటాడు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కడికైనా పోవచ్చని నోరారా చెప్పి, సముద్రం చూపించి, కనబడని గోడ కట్టిన మనిషిని నేను. ఆ మాట మిత్రుడితో చెప్పాను. పత్రికకి ఇవ్వడానికి రెండు వారాలే ఉన్నాయి, సముద్రం దాకా దారి వేయడానికి కంప్యూటర్లో జాగా లేదు అని అంతకు ముందు వాదించినవాడు, మానిటర్ వైపు కుర్చీ తిప్పుకున్నాడు. "మా నాన్న చెరకు కొట్టేవాడు. ఆయనా ఆ బోర్డు దాకానే పోయాడు. పందెం తీసేద్దాం" అన్నాడు. పత్రికవాళ్ళ కోసం ఒక పందెం, గడియారం, బహుమతి కప్పు చేర్చి ఉంచాం. అవి తీసేస్తే వచ్చిన జాగాలో సముద్రం పట్టింది. గోడ బదులు ఇసుక పోశాను. లోపలికి పోయే కొద్దీ చక్రాలు దిగబడి, బండి దానంతటది నెమ్మదించి, నీటి అంచున ఆగుతుంది. ఎవరూ ఆపరు. మిత్రుడు టేప్ రికార్డర్ పట్టుకుని బీచ్‌కి వెళ్ళి అలల చప్పుడు పట్టుకొచ్చాడు.

మావయ్యని బతిమాలి తీసుకొచ్చాం. కూతురూ వచ్చి వెనక నిలబడింది. నిమ్మకాయ ఆవిడే పెట్టింది. కొండ ఎక్కారు, దిగారు. మోళ్ళు దాటారు. గోడ ఉండే చోటుకి ముందు ఆయన వేగం బాగా తగ్గించారు. బండి దాటింది. ఇసుక తగిలి లారీ మూలిగింది. నీటి అంచున ఆగింది. మేము చప్పట్లు కొట్టబోయాం. ఆయన చెయ్యి మీటల మీద దేనికోసమో వెతుకుతోంది. "ఇంజన్ ఆపేది ఏది?"

లేదు. మా ఆటలో ఇంజన్ ఆపే మీటే లేదు. ఆడేవాడు ఎప్పుడూ పోతూనే ఉండాలని మేము అనుకున్నాం. చేరినవాడికి ఏం కావాలో ఆలోచించలేదు. "బండి ఆపినాక ఇంజన్ ఆపాల. లేకపోతే చేరినట్టు ఎట్లా?" అన్నారు. కూర్చోమని బతిమాలుకుని, ఆయన టీ తాగే లోపు ఆ మీట రాశాను. నా బతుకులో అంత చిన్న కోడ్, అంత జాగ్రత్తగా, ఎప్పుడూ రాయలేదు.

మీట నొక్కారు. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత అలలు వినబడ్డాయి. ఆయన ఎడం చేత్తో పక్క సీటు వైపు, అంటే నా బల్ల అంచు వైపు, తట్టారు. "దిగండి. వచ్చేసినాం" అన్నారు. వెనక చిన్న చప్పుడైతే తిరిగి చూశాను. ముప్పై ఏళ్ళు దాటిన ఆ టీచరమ్మ, మా గది గచ్చు మీద, చెప్పులు విడిచి నిలబడి ఉంది.

పందెం లేని ఆట ఎవరాడతారని పత్రికవాళ్ళు మొదట అన్నారు. చివరికి వేశారు. ఎవరెవరో ఉత్తరాలు రాశారు, లారీని నీటి అంచున ఆపి ఊరికే కూర్చుంటున్నామని. అవి చదివి వినిపిస్తే మావయ్య, "పనీ పాటా లేదా వీళ్ళకి?" అని మురిసిపోయేవారు. మేము డర్బన్ వచ్చేస్తూ ఆ కంప్యూటర్నీ కుర్చీనీ ఆయనకే ఇచ్చేశాం. పోయిన రోజు పొద్దున కూడా కాసేపు ఆడారని కూతురు చెప్పింది. ఇంజన్ ఆపారో లేదో నేను అడగలేదు.

అస్థికలు కలపడానికి ఆ బీచ్‌కే వెళ్ళాం. కారు ఆవిడే నడిపింది. బయలుదేరే ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టింది. కుండ ముందు సీట్లో, తన పక్కన. ఇసుక దగ్గర కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అలలు వినబడేదాకా కూర్చుంది. "నైనా, సముద్రానికి ఇవాళ సెలవు లేదు" అని కుండ ఒళ్ళోకి తీసుకుని దిగింది. నేను వెనకే నడిచాను. దారిలో తుప్పు పట్టిన ఇనుప స్తంభం ఒకటి ఉంది. ఆనాటి బోర్డు బిగించిన బోల్టుల చిల్లులు ఇంకా ఉన్నాయి. దాని మీద ఎవరో పిల్లవాడి తడి చొక్కా ఆరేసి ఉంది.