తనంతట తిరిగే మోటరు

యోగలక్ష్మిది భయపడే స్వభావం కాదు. ధర్మపురిలో మోటరు స్టార్టర్ పెట్టెలు చేసే చిన్న కంపెనీలో, పెట్టెల లోపలి ప్రోగ్రామ్‌లన్నీ ఆమె చేతివే. మునుపు ప్రతి ఆర్డరుకూ పాత ప్రోగ్రామ్‌ను కాపీ చేసి, కావలసినచోట దిద్దేది. ఈ ఏడాది ఆ తిప్పలు పోయాయి. మూలం ఒక్కటే ఉంచింది. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా, బోరుకా, బావికా, ఫోనుతో నడవాలా, కరెంటు రాగానే తనంతట తిరగాలా అని ఆర్డరులో ఎంచితే చాలు. ఏది దేనితో కలవాలో, ఏది కలవకూడదో ఆమె రాసిపెట్టిన నియమాలు చూసుకుని, ఆ రకం ప్రోగ్రామ్‌ను కంప్యూటరే కూర్చి పెట్టెలోకి ఎక్కిస్తుంది. మనిషి చేయి పడే పనే లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి!

ఒక ఉదయం ఆఫీసులో ఉండగా పెన్నాగరం దగ్గరి పల్లె నుంచి చిన్నమ్మ పంచవర్ణం ఫోన్ చేసింది.

“నీ పెట్టె బంగారమే తల్లీ! కరెంటు వచ్చిందంటే చాలు, ఎవురూ నొక్కే పనిలే, మోటరు తనంతట తిరుగుతాది. మీ చిన్నాయనకు సోమరితనం ఇంకా ముదిరింది.”

యోగలక్ష్మి నోటిదాకా ఎత్తిన టీ గ్లాసు దించేసింది. “మీది బావి కదా చిన్నమ్మా? బావి పెట్టెకు అది ఉండకూడదే.”

“ఉండాదే! నిన్న కూడా తిరిగినాది.”

బోరుకైతే అది మంచిదే. మోటరు భూమి లోతున ఉంటుంది, అక్కడికి మనిషి పోడు. బావిలో మోటరు లోపలి గట్టు మీద ఉంటుంది. దానికి ఏ పని చేయాలన్నా పక్కకే దిగాలి. కరెంటు పోయిందంటే దిగిపోవడం ఆ పల్లెల అలవాటు. మెయిన్ ఆపి దిగేవాళ్లు తక్కువ, బటన్ నొక్కందే మోటరు కదలదని ధీమా. మునుపు బావి ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆమె చేయి మోటరును తనంతట తిప్పే ఆ నాలుగు వరుసలనూ ప్రోగ్రామ్‌లోంచి ఆలోచించకుండానే తీసేసేది. చేతికి తెలిసింది, నియమాలు రాసేనాడు తలకు తట్టలేదు.

“చిన్నాయన యాడ?”

“బావిలో. మోటరు జాయింటుకు గ్రీసు పెడతా ఉండాడు. కరెంటు లేదులే.”

ఇక్కడి నుంచి ఫోనుతో ఆపుదామంటే, కరెంటు లేని పెట్టెకు ఏ మాటా అందదు. కరెంటు వచ్చాక అందేలోపు మోటరు తిరుగుతుంది.

“చిన్నమ్మా, పెట్టె ఉండే కొట్టంలోకి పో. మెయిన్ పిడి కిందికి లాగు. బిరీన!”

“అయ్యో, దాన్ని నేనెప్పుడూ ముట్టలేదే. ఉండు, ఆయన్నే పైకి రమ్మంటా.”

“ఆయన మెట్లెక్కేదాకా ఆగొద్దు! పరుగెత్తు!”

“నా మోకాళ్లకు పరుగొకటి,” అంటూనే పంచవర్ణం కదిలింది.

ఫోనులో చెప్పుల చప్పుడు, ఆయాసం, రేకు తలుపు కిర్రుమనడం. అంతలో ఎక్కడో మోటరు గుయ్యిమని లేచింది. “చిన్నమ్మా!” అని అరిచింది యోగలక్ష్మి. గ్రీసు అంటిన చిన్నాయన చేతులు కళ్ల ముందు కదిలాయి.

“అది పక్కోళ్లది,” అంది పంచవర్ణం, రొప్పుతూ. “మాది లాగేసినా. కరెంటు వచ్చేసినాది చూడే...”

కాసేపటికి చిన్నాయన వరదరాజన్ ఫోన్ తీసుకున్నాడు. “ఏమ్మా, పని సగంలో లేపేసినావే?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “చేతులు రెండూ దాని మీదే ఉండినాయి యోగా,” అన్నాడు మెల్లగా.

ఆమె వెంటనే తప్పిపోయిన నియమం రాసింది. బావి, తనంతట తిరగడం, రెండూ కలిపి ఎంచి చూసింది. కుదరదంది కంప్యూటర్. కానీ ఊళ్లకు పోయిన పెట్టెలకు ఆ మాట ఎవరు చెప్పాలి? బావి ఆర్డర్లన్నీ తీసి ఫోన్లు మొదలుపెట్టింది. మొదటిది తుంబలహళ్లి కాళియన్‌కు. చాలాసేపు మోగాక అతని భార్య మునియమ్మాళ్ ఎత్తింది.

“ఫోన్ ఇంట్లో పెట్టి బావి కాడికి పోయినాడు,” అంది తమిళంలో.

“అక్కా, అక్కడ కరెంటు ఉందా ఇప్పుడు?”

“లేదు. అందుకే పోయినాడు.”

యోగలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది. “ఫోన్ చేతిలోనే పట్టుకో అక్కా. మెయిన్ ఎక్కడుందో నీకు తెలుసా?”