ఉతికిన చీర

లడాయి రోజుల్లో, అంటే యుద్ధకాలంలో, పాలమూరులోని అనాథ పిల్లల ఆశ్రమంలో నేను పెద్ద పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని. ఆ ఏడాది ముగ్గురు ఆయాలు పని మానేశారు. ఎనిమిది నెలల పసిపిల్ల ఒకతె వాళ్లలో మూడో ఆయా చేతిలో తప్ప పాలు తాగేది కాదు.

ఆ ఆయా వెళ్లే రోజున, మేమంతా పెద్దమ్మ అని పిలిచే పర్యవేక్షకురాలు గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమే, పసిపిల్లను ఇడిశి పోనీకి మనసెట్లొచ్చింది నీకు?"

"నా ఇంట్ల గూడ ముగ్గురు పిల్లలున్నరు పెద్దమ్మా. జొన్నలెంత పిరమైనయో మీకెరికె. పల్లీల మిల్లుల ఇంతకు డబలిస్తమన్నరు. మీరు జర పెంచుండ్రి, ఈన్నే ఉంట."

"గిది సేవ. మిల్లు గాదు."

"సేవ జేస్తున్నంటే దుకాణపాయన జొన్నలు గొలుస్తడా?"

ఆయా తన మాసిన చీరను మడిచి ఉయ్యాల పక్కన పెట్టి వెళ్లిపోయింది.

వెళ్లే ఆయా తన చీరను ఉతకకుండా వదిలిపోవడం ఆయాలు తమలో తాము పాటించే పద్ధతి. కొత్త ఆయా అది కట్టుకుంటే, ఆ వాసనకు పసివాళ్లు పాలు తాగేవారు. పెద్దమ్మకు ఇది తెలియదు, నాకు తెలుసు. మాసిన చీర కొత్త మనిషికివ్వడం మర్యాద కాదని ఆమె దాన్ని చాకలికి వేస్తుంటే, పెద్దమ్మ మాటకు అడ్డం చెప్పలేకపోయాను.

గంజిపెట్టిన ఆ చీరలో కొత్త ఆయా ఒడిలోకి తీసుకోగానే పసిపిల్ల మొహం తిప్పేసుకుంది. రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఏడుపు ఆగింది.

"సూడు, అలవాటైంది," అంది పెద్దమ్మ.

గిన్నెలో పాలు పోసినవి పోసినట్లే ఉన్నాయి. అప్పుడు చీర సంగతి చెప్పాను. దవాఖానకు పరుగెత్తాం కానీ పిల్ల దక్కలేదు.

కొత్త ఆయా జీతం అడగకుండానే వెళ్లిపోయింది.