బోర్డు మీద ఆయన గొంతు

నూజివీడు నుంచి మైలవరం వెళ్లే దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూసేవాణ్ణి. ఒక సీజనుకి ఇటలీ నుంచి కొత్త మిషను తెప్పించారు. దాన్ని బిగించడానికి అక్కణ్ణుంచే ఒక ఇంజనీరు వచ్చారు. అరవై దాటిన మనిషి. ఇటాలియన్లో మన తెలుగులాగే చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటుకొద్దీ ఆయన ఇంగ్లీషు మాటలకి కూడా చివర అచ్చు తగిలించేవారు.

ఆ మాటల్ని నేను కావాలని తప్పుల తడకగా, తెలుగు అక్షరాల్లో క్యాంటీన్ బోర్డు మీద రాసేవాణ్ణి. "మిషీనా స్టాపా! ఫిల్టరా డర్టీయా! వై యూ టచ్చా?" కాయలు ఏరే ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. "ఏంటండీ, ఇవాళ్టిది ఇంకా రాయలేదా?" అని సూపర్‌వైజరు పొద్దున్నే అడిగేవాడు. నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు భోజనాల వేళ ఆయన ఆ బోర్డు ముందు ఆగారు. ఆయన ఏమన్నారో మామూలు తెలుగులోనే రాస్తాను.

"మీ అక్షరాలు గుండ్రంగా ఎంత బాగున్నాయో. ఏం రాశారో చదువుతారా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "చదవండి సార్, చదవండి" అని సూపర్‌వైజరు ఎగదోశాడు. నెమ్మదిగా, యాస లేకుండా చదవబోయాను. కానీ రాసిందే అలా కదా, ఆయన గొంతే వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఇది నేనే" అన్నారాయన. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మా అమ్మది ఇటలీలో దక్షిణాన పల్లెటూరు. పని కోసం ఉత్తరాదికి వచ్చి బట్టల మిల్లులో చేరింది. ఆవిడ యాసని ఇలాగే వంకరగా రాసి మిల్లు గోడకి అంటించేవాళ్లు. చదువు రాదు కదా, ఏం రాశారని నన్ను అడిగేది."

"మీరేం చెప్పేవారు?"

"సెలవుల నోటీసు అని. కొన్నాళ్లకి ఎవరో చదివి వినిపించారు. అప్పట్నుంచి బయట నోరు విప్పడం మానేసింది."

ఆ రోజు నుంచి మిషను దగ్గర ఆయన కూడా వేలితో చూపించడమే తప్ప మాట్లాడలేదు. ఫోన్లో వెతికి, వాళ్ల భాషలో క్షమాపణ మాట నేర్చుకుని వెళ్లి చెప్పాను. ఒక అక్షరం తప్పు పలికాను. ఆయన సరిదిద్ది, మళ్లీ చెప్పించుకుని, తలూపారు. క్షమించారో లేదో అడగలేకపోయాను.

వెళ్లే రోజు గన్నవరం విమానాశ్రయం దాకా కారులో నేనే తీసుకెళ్లాను. దారంతా వాళ్లమ్మ వంటల గురించి చెబుతూనే ఉన్నారు.