పాలు పొంగిన దొర బంగ్లా

పొయ్యి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపు మా మెస్సులో పప్పు అడుగంటాలె, ఆ పప్పు నేనే తినాలె.

గచ్చిబౌలిలో అద్దాల ఆఫీసుల వెనక మేం కిరాయికున్న బంగ్లా ఒక ఇంగ్లీషు దొర కట్టుకున్నది. వాళ్ల ఊళ్లో ఇల్లెట్లుండెనో అచ్చం అట్లనే: మంచు జారిపోవడానికి ఏటవాలు కప్పు, చలి కాచుకోవడానికి హాల్లో గోడపొయ్యి, పైన పొగగొట్టం. మన ఎండలకు దాన్ని ఒక్కనాడన్న వెలిగించిండో లేదో. దొర పోయినంక ఒక నవాబు కొని, పొగగొట్టంలో పావురాలు పెంచిండు. ఆయన దగ్గర ఒక పటేలు కొని, వాస్తు బాగలేదని పడమటి వాకిలి మూసి తూర్పుకు తెరిచిండు. పటేలు మనవడు మాకు కిరాయికిచ్చిండు. ఆ గోడపొయ్యి మీదనే నేను, నా భార్య సెక్యూరిటీ వాళ్లకు, క్యాబ్ డ్రైవర్లకు మెస్సు పెట్టినం. కట్టినోడికి అక్కరకు రాని పొయ్యి మాకు అన్నం పెట్టింది.

పోయినేడు మనవడు బంగ్లా అమ్మేసిండు. కొన్నాయన కోస్తా నుంచి వచ్చిన బిల్డర్. ఇల్లు కూలగొట్టి టవర్ కడతానని, నెలాఖరుకు ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పిపోయిండు. నా భార్య చేతిలో గంటె కింద పెట్టలేదు.

"నేనైతే ఈడికెళ్లి కదల. నోటితోనే బతుకుతవు కద, ఏదన్న చెప్పు పో" అన్నది.

బిల్డర్ దగ్గరికి పోయి చెప్పిన. ఈ ఇంటి ప్రతి యజమాని ముందుగాల ఈ పొయ్యి మీద పాలు పొంగించిండని, దొర సుత బూట్లు విప్పి మరీ పొంగించిండని, మధ్యలో ఒకాయన పొంగించకుండనే గోడకు గునపం పెట్టి, ఏడాది తిరగకముందే ఆగమై అమ్ముకున్నడని.

బిల్డర్ నవ్విండు. "కూల్చేసే ఇంట్లో పాలు పొంగించడమేంటండీ బాబూ" అన్నడు. కానీ మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మగారిని, కొత్త ఇత్తడి గిన్నెను వెంటబెట్టుకుని దిగిండు. ఎందుకైనా మంచిదట.

నా భార్య పొయ్యి రాజేసింది. పాలు తూర్పుకే పొంగినయ్. ఆ పెద్దావిడ దండం పెట్టుకుని, మా వంకాయకూరతో కడుపునిండా తిని, కొడుకుతో నిమ్మళంగా అన్నది: "పాలు పొంగిన పొయ్యిని పగలగొట్టిస్తావట్రా? నేనుండగా కుదరదు."

ఇప్పుడు బంగ్లా వెనక ఖాళీ జాగాలో టవర్ లేస్తున్నది. కట్టే కూలీలంతా మా దగ్గరే తింటున్నరు.

ఇగ ఒట్టు సంగతి. నవాబు, పావురాలు, పటేలు నిజం. దొర పాలు పొంగించింది, గునపమాయన ఆగమైంది నా నోట్లో పుట్టిన ముచ్చట్లు. పాలు తూర్పుకు పొంగింది నిజమే గానీ, గిన్నె కింద పడమటి రాయిని జర ఎత్తు చేసింది నా భార్య.

అడుగంటిన పప్పుకు నేను తయారే.