వదిలేసినాడన్న మాట

బుచ్చిరెడ్డిపాలెం బియ్యం మిల్లు యజమాని, మిత్రవత్సలుడు, సకలజనప్రియుడు శ్రీ పెంచలరెడ్డి గారు హృద్రోగంతో ఆకస్మికంగా దివంగతులైనారన్న దుర్వార్త నాకు విడవలూరు హైస్కూల్లో, తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతుండగా అందింది. బుచ్చి నుంచి వచ్చిన బస్సు కండక్టరు టిక్కెట్ల సంచి మెడలో ఉండగానే తరగతి వాకిట్లో నిలబడి, "అయ్యవారూ, పెంచలన్న మనల్ని వదిలేసినాడు" అన్నాడు. సుద్దముక్క నా చేతిలోనే ఉండిపోయింది. ముప్పై అయిదేళ్ళు నిండని మనిషి, ఒక్కనాడు జ్వరమని పడుకోని మనిషి. గుండె ఆగిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. అక్కడికి కూడా నాకంటే ముందే చేరుకున్నాడే అనిపించింది.

కాలేజీ పాత మిత్రులూ, మిల్లు గుమాస్తాలూ కలిసి సంస్మరణ సంచిక వేస్తున్నారు. నన్ను రాయమన్నారు. "మీకంటే దగ్గరివాళ్ళెవరున్నారు? ఆ పరుగుపందెం సంగతి మాత్రం మరిచిపోకండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. మరిచిపోతే కదా. ఇటువంటి వ్యాసాల్లో దివంగతులను 'ఆయన' అనడం మర్యాద. నా చేత కాదు. 'వాడు' అనే రాస్తాను. జిల్లాలో గొడ్లు కాసేవాడి నుంచి తాసిల్దారు దాకా అందరికీ వాడు పెంచలన్న. నాకు మాత్రం అన్న కాడు. వాడికంటే నేను నాలుగు నెలలు పెద్ద. ఈ సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు.

వాణ్ణి చూసి అసూయపడని రోజు నా జీవితంలో లేదు. ఇందులో దాపరికమేముంది? వాడికీ తెలుసు, మా ఇంట్లో వాళ్ళకూ తెలుసు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో మేమిద్దరం నెల్లూరు కాలేజీలో చేరాం. హాస్టలు వంటవాడు గడ్డపెరుగు మీద మీగడ తీసి ఎవరికీ కనబడకుండా వాడి గిన్నెలో వేసేవాడు. ఇంతకీ వీడేం చేశాడని అంత ప్రేమ? ఏమీ చెయ్యలేదు, ఎదురుపడినప్పుడల్లా "ఏందన్నా, కాలి నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు, అంతే. నేనూ అడిగి చూశాను. "తగ్గింది సార్" అన్నాడు వంటవాడు. మీగడ మాత్రం రాలేదు.

అరమైలు పరుగులో వాడు కాలేజీకంతటికీ మొదటివాడు. రెండోవాణ్ణి నేను. ఆదివారాలు నేను ఇంటికి వస్తే, వాడూ సైకిలు తొక్కుకుంటూ మా విడవలూరు వచ్చేవాడు. ఇద్దరం రామతీర్థం తీరానికి పోయి, అల వెనక్కి తీసిన తడి ఇసుకలో ఉత్తకాళ్ళతో పరుగెత్తేవాళ్ళం. ఆ ఇసుక మడమను పట్టుకొని ఒక పట్టాన వదలదు. అందులో పరుగెత్తినవాడికి కాలేజీ మైదానం ఒక లెక్కా? మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. మా అమ్మ చేపల పులుసులో నడుం ముక్క వాడికి వేసి, తోక ముక్క నాకు వేసేది. ఇదేమిటమ్మా అంటే, "పరిగెత్తే బిడ్డరా, తిననీ" అనేది. నేనూ పరుగెత్తే వచ్చానే. కన్నతల్లి దగ్గర కూడా నాది రెండో స్థానమే.

పరుగులో వాడికొక దురలవాటు ఉండేది. చివరి మలుపులో ఎడమ భుజం మీదుగా తల తిప్పి ఒక్కసారి వెనక్కి చూసేవాడు. పరుగెత్తేవాడు వెనక్కి చూడకూడదని డ్రిల్లు మాస్టారు ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. "వెనకెవరుండారో చూడకుంటే నాకు తోచదు సార్" అనేవాడు. వెనక ఉండేది ఎప్పుడూ నేనే. నన్ను చూసి, నవ్వి, ముందుకు పోయేవాడు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ నా ఒళ్ళు మండేది.

ఇక ఆ పందెం. చివరి సంవత్సరం వార్షిక క్రీడలు. చివరి మలుపులో వాడు యథాప్రకారం ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. నేనక్కడ లేను. అప్పటికే వాడి కుడిపక్కకు వచ్చేశాను. వాడు తల తిప్పుకొనేసరికి నేను ముందున్నాను. రిబ్బను నా రొమ్ముకు తగిలింది. నేను గెలిచాను. ఊపిరి తీసుకుంటూ తల ఎత్తేలోపల విద్యార్థుల్లో ఎవడో, "పెంచలన్న వదిలేసినాడ్రా" అన్నాడు. ఆ మాట మైదానమంతా పాకింది. వెనక్కి తిరిగి చూశాడు కదా, పాపం స్నేహితుడని జాలిపడి వదిలేసినాడు అన్నారు. వాడు వచ్చి నన్ను కౌగిలించుకొని నా చెయ్యి పైకెత్తాడు. దాంతో ఎవరికైనా అనుమానముంటే అదీ తీరిపోయింది. కాదు, నేను ఓడిపోయాను అని వాడొక్క మాట అంటాడేమోనని చూశాను. నవ్వి ఊరుకున్నాడు.

నా జన్మలో గెలిచిన పందెం అదొక్కటి. అది కూడా వాడి ఔదార్యానికే జమ అయింది. ఇచ్చిన కప్పును ఇంటికి తెచ్చి మూల పడేస్తే, మా అమ్మ దాన్ని కడిగి వంటింట్లో ఉప్పు పోసుకుంది.

నిజంగా వదిలేశావా అని అడగవచ్చు కదా అంటారు. పన్నెండేళ్ళుగా అడగాలనే ఉంది. అవునబ్బా, వదిలేసినా అని వాడు అన్నాడనుకోండి, నాకిక ఏం మిగులుతుంది? అందుకే అడగలేదు. ఒకసారి రామతీర్థంలో, "పదరా, ఆ పడవ దాకా పరుగెత్తుదాం" అన్నాను. ఆ ఒక్క పరుగుతో తేలిపోతుందని నా ఆశ. వాడు మోకాలు పట్టుకొని, "మోకాలు నొప్పబ్బయా, పనికిరాదు" అన్నాడు. ఆ సాయంత్రమే వాడు కదిలిపోతున్న బస్సు వెంట పరుగెత్తి ఎక్కడం నా కళ్ళారా చూశాను. నన్ను పందేనికి తగినవాణ్ణిగా కూడా చూడడం లేదని ఆ రాత్రి అన్నం సహించలేదు.

తండ్రి పోయాక మిల్లు భారం వాడి మీద పడింది. వ్యాపారంలో వాడి కీర్తికి మూలం ఒక్క మాట. రైతు ధాన్యం తెస్తే గుప్పెడు తీసి అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, గింజ పంటికింద పెట్టి కొరికేవాడు. పచ్చిగా ఉంటే తక్కిన మిల్లుల్లో పనికిరాదు పొమ్మంటారు. వీడు ఆ మాట ఎన్నడూ అనలేదు. "రెండెండలు తక్కువన్నా" అనేవాడు. అంతే. రైతు అవమానపడకుండా ధాన్యం అక్కడే గచ్చు మీద ఆరబోసుకొని, వీడు పెట్టించిన మజ్జిగ తాగి, ఎండినాక అమ్ముకొని పోయేవాడు. రెండెండలు తక్కువ అన్నమాట బుచ్చిలో సామెతలా నిలిచిపోయింది. పెళ్ళికొడుకు వయసు చాలకపోయినా అదే మాట, పులుసు సరిగా మరగకపోయినా అదే మాట. ఒకసారి నేను కూడా తరగతిలో పద్యం తప్పు చదివిన పిల్లవాడితో, నీకు రెండెండలు తక్కువరా అన్నాను. పిల్లలందరూ ఫక్కున నవ్వి, "పెంచలన్న మాట సార్" అన్నారు. మాటలు కూడా వాడి సొంతమే.

ఒక ఏడు తుపానుకు తీరం వెంట గుడిసెలు లేచిపోయాయి. చేపలు పట్టే పట్టపు వాళ్ళు పిల్లాజెల్లాతో నడుంలోతు నీళ్ళలో విడవలూరు వచ్చారు. బడి తాళం తీసింది నేను. బల్లలు జరిపింది నేను. ముసలివాళ్ళను భుజాన మోసింది నేను. మర్నాడు వాడు బండి మీద బియ్యం వేసుకొని, పంచె ఎగగట్టుకొని వచ్చి గంజి కాయించాడు. ఇవాళ వాళ్ళ పల్లెలో ఎవరినైనా అడగండి, పెంచలన్న బడి తెరిపించి కాపాడినాడు అంటారు. నేను పక్కనే ఉండగా నాతోనే అన్నారు. వాడు విని, "తాళం తీసింది వీడు గదా" అని నన్ను చూపించాడు. వాళ్ళు దాన్ని కూడా వాడి వినయం కింద తీసుకున్నారు. అటువంటివాడితో ఏం వేగుతాం?

పోయిన ఆదివారం మిల్లు ముందర, ధాన్యం ఆరబోసే ఆ గచ్చు మీదనే సంతాప సభ జరిగింది. అంత జనాన్ని బుచ్చిలో నేను చూడలేదు. మాట్లాడిన ప్రతివారూ ఆ పందెం ఎత్తారు. ఒకరు వాడు స్నేహితుడి కోసం ఆగినాడన్నారు. ఇంకొకరు చెయ్యి పట్టుకొని ముందుకు తోసినాడన్నారు. చివరికి సభాధ్యక్షులు నా వైపు చూపించి, "ఆ కప్పును ఎవరికోసం వదిలేసినాడో, ఆ అయ్యవారు ఈడనే ఉండారు" అన్నారు. జనమంతా తలలు తిప్పి నన్ను చూశారు. లేచి చేతులు జోడించక తప్పలేదు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నోరు పెగల్లేదు. దుఃఖమనుకున్నారు. కొంత దుఃఖమే. తక్కినది ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

సభ ముగిశాక రుక్మిణమ్మ, అంటే వాడి భార్య, నన్ను లోపలికి పిలిపించింది. మనిషి ఏడ్చి ఏడ్చి వాడిపోయి ఉంది. కూర్చోమంది. తర్వాత తలెత్తి, "అన్నా, అందరూ అట్ట చెప్తా ఉంటే మీరు ఒక్క మాటన్నా కాదనలేదేంది?" అంది.

ఏది కాదనాలో నాకు అర్థం కాలేదు. అదే అన్నాను.

"వదిలేసినాడంటా ఉండారే, అది. ఆయన వదిలింది లేదు, పెట్టింది లేదు. పానం పెట్టి పరిగెత్తినా మిమ్మల్ని అందుకోలేకపోయినాడంట. పెళ్ళయిన కొత్తలో నాతో చెప్పినాడు. 'ఆ పొద్దు నేనే రెండెండలు తక్కువ' అన్నాడు."

పచ్చి ధాన్యం తెచ్చిన రైతు మనసు నొచ్చుకోకుండా అనే మాటను వాడు తన ఓటమికి వాడుకున్నాడు. మరి పదిమందిలో ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

జనం మంచివాడు మంచివాడు అంటుంటే కాదనడానికి వాడికి నోరు రాలేదని ఆమె చెప్పింది. మొదటిరోజు ఊరుకున్నాడు, తర్వాత చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఎవరైనా ఆ పందెం ఎత్తితే పనుందని లేచి పోయేవాడట. మోకాలి నొప్పి కూడా అబద్ధమేనట. మళ్ళీ నా చేతిలో ఓడిపోతే ఈసారి వదిలేసినాడని ఎవరూ అనరేమోనని భయమట. నా పేరు వింటే ఒక్కొక్కప్పుడు ముఖం ముడుచుకునేవాడట. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆమె పెదవుల మీద చిన్న నవ్వు కూడా కనిపించింది. నన్ను చూసి వాడు అసూయపడ్డాడు. పెంచలరెడ్డి. నన్ను చూసి.

నాకైనా చెప్పవలసింది కదమ్మా అన్నాను.

"నేనూ అదే అన్నా. 'వాడికి చెప్పేదేంది, పరిగెత్తింది వాడే గదా, వాడికి తెలీదా' అన్నాడు."

తెలియలేదు. పరుగెత్తిన నాకే తెలియలేదు. మైదానం చుట్టూ కూర్చున్న జనం మాటే నమ్మాను గానీ, నా కాళ్ళను నేను నమ్మలేదు. వాడు నమ్మాడు.

లేచి వస్తుంటే ఆమె వాకిలి దాకా వచ్చి, "మీరు రాసేదాంట్లో ఇది రాయండన్నా. అందరూ కలిసి ఆయన్ని దేవుణ్ణి చేస్తా ఉండారు. నాకు మా ఇంటాయన కావాల" అంది. అందువల్ల రాశాను. సంచికవారు కోరిన కథ ఇది కాకపోవచ్చు. వారు క్షమించాలి. సిగ్గూ, భయమూ, కొంచెం అసూయా ఉన్న మనిషి ఇంతమందిని అంత ప్రేమగా చూసుకున్నాడంటే, అటువంటివాణ్ణి ఈ జిల్లా మళ్ళీ ఎప్పుడు చూస్తుంది? వాడి స్మృతికి నా నమస్కారం.

ఇంటికి వచ్చి వంటింట్లో కప్పులోని ఉప్పు వేరే జాడీలో పోశాను. మా అమ్మ వింతగా చూసింది. విషయం చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళొత్తుకొని, చింతపండు ముద్ద తెచ్చి ఇచ్చింది. తోముతూ కూర్చుంటే ఉప్పుకు పట్టిన చిలుము కింద నుంచి నా పేరు మెల్లగా బయటపడింది. ఎండలో పెట్టి చూసుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత ఆ కప్పు నాదైంది. దాన్ని ఎవరికైనా చూపించుకోవాలనిపించింది. చూపించవలసినవాడు ఒక్కడే. వాడు ముందు వెళ్ళిపోయాడు. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.