బొట్టు మీద వేలు

మా అమ్మకు మతిమరుపు ముదిరిన ఏడాది, ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి ఇంటికి రాలేదు. దొరవారిసత్రంలో తెలిసిన గడపలన్నీ తొక్కి, చివరకు పోలీస్ స్టేషన్‌కు పోయాను. ఫిర్యాదు రాసుకునే రైటరు అమ్మ ఒంటి చాయ, ఒడ్డూపొడుగూ అడిగి, భాష, మతం దగ్గరికి వచ్చాడు.

"తెలుగు. క్రైస్తవులం," అన్నాను.

"అయితే బొట్టు పెట్టుకోదు గదా?"

"బుద్ధెరిగి పెట్టుకోలేదు," అన్నాను, కాస్త గర్వంగానే. అదే గుర్తుగా రాసుకున్నాడు. తప్పిపోయిన ముసలామెను వెతకడానికి ఆమె ఏ దేవుణ్ణి మొక్కితే ఏమిటని ఒళ్లు మండింది. కానీ అంతకంటే మంచి గుర్తు నాకూ తట్టలేదు.

మర్నాడు సరిహద్దులో ఉన్న తడకు అవతలి తమిళనాడు పోలీసులు ఒక ఫోటో పంపారు.

"ఈమె కాదులే. తమిళామె, హిందువు అని రాసుండారు," అన్నాడు రైటరు.

నేనూ తొంగి చూశాను. తలలో మల్లెపూలు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. "కాదు," అన్నాను. కన్నకొడుకుని!

పక్కనున్న మహిళా కానిస్టేబుల్ ఊరుకోలేదు. "ఉండన్నా, బొట్టు ఎవురైనా పెట్టుండొచ్చు గదా," అంటూ కంప్యూటర్ తెర మీద ఆ బొట్టుకు బొటనవేలు అడ్డం పెట్టింది. "ఇప్పుడు చూడు."

వేలి కింద మా అమ్మ కళ్లు. అక్కడే ఏడ్చేశాను.

అమ్మ ఏ బస్సెక్కి పోయిందో గానీ, సరిహద్దు అవతల బస్టాండులో పూలమ్మే ఒకామె అమ్మను ఇంటికి తీసుకుపోయి, నీళ్లు పోసి, తల దువ్విందట. బోసి నుదురు చూడలేక బొట్టూ పెట్టి, పోలీసులకు కబురు చేసిందట. అమ్మ పుట్టిల్లు తడ కాబట్టి తమిళంలో అడిగితే తమిళంలోనే బదులు చెప్పింది. అక్కడి పోలీసులు చూసింది, విన్నది రాసుకున్నారు. వాళ్లను మాత్రం ఏమనగలను? పూలామెకు రెండు చేతులూ ఎత్తి మొక్కి, అమ్మను తెచ్చుకున్నాను.

ఇంటికి రాగానే, సాయంత్రం పాస్టరు గారు వస్తారని నా భార్య తడిగుడ్డతో అమ్మ నుదురు తుడవబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"ఉండనియ్యి. ఆయమ్మ పెట్టింది. నన్ను బాగా చూసుకున్నాది."

నా పేరు కూడా గుర్తులేని అమ్మకు ఆ పూలామె చెయ్యి గుర్తుంది. గుడ్డ పక్కన పెట్టేశాం. సాయంత్రం ప్రార్థనలో అమ్మ ఆ బొట్టుతోనే కూర్చుంది. పూలు పెట్టిన ఆ చేతి కోసం, బొట్టు దాచిన ఆ వేలి కోసం నేను అందరికీ వినపడేలా ప్రార్థన చేశాను.