పది సెకన్ల నిశ్శబ్దం

శంషాబాద్‌లో మా ఎఫ్‌ఎం స్టేషన్ ఒక మేడ మూడో అంతస్తులో ఉండేది. ప్రసారంలో పది సెకన్లు ఏ శబ్దమూ వినిపించకపోతే ఒక యంత్రం తనంతట తానే ఫోన్ లైను తెంపేసి పాట అందుకునేది. ఆ పది సెకన్ల గడువు పెట్టింది నేనే. ఎనిమిది, పది, పన్నెండు సెకన్లు, ఈ మూడు గడువులూ పరీక్షించి మరీ పెట్టాను.

మధ్యాహ్నం కార్యక్రమం చేసే అక్కది జల్‌పల్లి. ఫోన్ చేసినవాళ్లు మాట మధ్యలో ఆగితే తానూ ఆగేది. ఆ వేళ ఫోన్ చేసేవాళ్లు మూడు రకాలు: విమానాశ్రయం పార్కింగ్‌లో తమ వంతు కోసం చూసే క్యాబ్ డ్రైవర్లు, కొత్తూరు కంపెనీలవాళ్లు, వంట ముగించుకున్న ఇల్లాళ్లు. కిటికీలోంచి పడే ఎండ సౌండ్ మిక్సర్ మీద నెమ్మదిగా జరుగుతుంటే, స్టూడియో అద్దానికి ఇవతల నేను సగం నిద్రలో మీటర్లు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పార్కింగ్ నుంచి ఒక డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఇంటామె లొల్లి పెట్టుకొని కొత్తూరుల అమ్మగారింటికి పోయింది. నాలుగు రోజులాయె, ఫోన్ ఎత్తుతలేదు. ఆమె పనిచేసే కంపెనీల మీ ప్రోగ్రామే పెడతరు."

"అయితే నీ మాట ఇంటుంటది. చెప్పు అన్నా."

"ఏం చెప్పాలె అక్కా..."

ఆగిపోయాడు. నా తెర మీద లెక్క మొదలైంది. మూడు. నాలుగు. మాట్లాడించమని అక్కకు సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. యంత్రాన్ని ఆపే మీట పక్క గదిలో ఉంది. ఏడు. లేచాను. లైను తెగితే ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయడని అతని గొంతు వింటేనే తెలుస్తోంది.

తొమ్మిదో సెకనులో అతని ఫోన్‌లోంచి విమానం హోరు వచ్చింది. మొదట ఎక్కడో దూరంగా, తర్వాత మా గదంతా నిండిపోయేలా. శబ్దం అందగానే తెర మీద అంకె మళ్లీ సున్నాకు పడిపోయింది. స్టూడియో కూడా నేల విడిచి కాస్త పైకి లేచినట్టనిపించింది. హోరు సన్నగిల్లాక అతను అన్నాడు:

"తప్పు నాదే. అందరి ముంగట మీ అమ్మను గట్ల అనొద్దుండె. సాయంత్రం కంపెనీ గేటు కాడికొస్త."

పెట్టేశాడు. రెండు పాటలయ్యాక స్టేషన్ నంబరుకు ఒక మెసేజ్ వచ్చింది. అక్క నవ్వు ఆపుకుంటూ మైకు తెరిచింది.

"అన్నా, కొత్తూరు నుంచి మెసేజొచ్చింది. 'గేటు కాడికి వద్దు, అందరు జూస్తరు. బస్టాండ్ కాడ నిలబడుమను. మా అమ్మకు గూడ గిదే మాట చెప్పాలె.'"

అతని కారులో ఆ క్షణాన రేడియో మోగుతోందో, ఎక్కిన ప్రయాణికుడు ఆపమన్నాడో మాకు తెలియదు. అక్క ఆ మెసేజ్‌ను రెండోసారి, ఇంకా నెమ్మదిగా చదివింది.